మౌంట్ జెఫర్సన్ (నెవాడా) ఒక్క రోజులో ఎక్కి దిగొచ్చా? పైన్ క్రీక్ ట్రెయిల్ మీద వివరంగా

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ. లాస్ వేగస్‌లో ఉంటున్నారు, నిరుడు యోసెమిటీలో హాఫ్ డోమ్ చేశారు, ఈ ఆగస్టులో ఇద్దరు స్నేహితులతో సెంట్రల్ నెవాడాలోని మౌంట్ జెఫర్సన్ ఎక్కాలనుకుంటున్నారు. శుక్రవారం ఆఫీసు అయ్యాక బయల్దేరి, అర్ధరాత్రికి ట్రెయిల్ హెడ్ చేరి, కార్లోనే కాసేపు పడుకుని, శనివారం తొమ్మిదింటికి నడక మొదలుపెట్టి చీకటి పడేలోపు దిగిపోవాలని ప్లాన్. దారి తెలుస్తుందా, నీళ్ళు దొరుకుతాయా, ఫోన్ పనిచేస్తుందా, ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నలను కింద క్యాంప్‌గ్రౌండ్‌లో కూర్చోబెట్టి వెళ్ళొచ్చా అని కూడా అడిగారు.

సూటిగా చెప్తాను. మీరు ఎక్కగలరు, ఒక్క రోజులోనే ఎక్కి దిగగలరు. కానీ మీరు రాసిన ప్లాన్‌తో మాత్రం వద్దు. సోమవారం సెలవు పెట్టండి. శుక్రవారం రాత్రి దారిలో ఉన్న టోనోపా ఊళ్ళో పడుకోండి, శనివారం రాత్రి క్యాంప్‌గ్రౌండ్‌లో ఉండండి, ఆదివారం తెల్లవారకముందే నడక మొదలుపెట్టండి, ఎక్కడ ఉన్నా సరే 11 గంటలకు వెనక్కి తిరగండి. ఈ ఒక్క మార్పుతో సగం సమస్యలు తీరిపోతాయి. ఎందుకో కింద రాస్తున్నాను. నేను చాలా ఏళ్ళుగా ఈ నడిమి నెవాడా కొండల్లోనే తిరుగుతున్నాను, ఎక్కువగా మౌంట్ జెఫర్సన్ ఉన్న టోక్విమా శ్రేణిలో, దాని పక్కనున్న టోయాబే శ్రేణిలో. కొత్తవాళ్ళను వెంటబెట్టుకుని వెళ్ళడం కూడా అలవాటే కాబట్టి ఎవరు ఎక్కడ ఇబ్బంది పడతారో కొంత తెలుసు.

ముందు హాఫ్ డోమ్ సంగతి. అది చేసినవాళ్ళకి ఇది సులువే అనుకోవడం సహజం. నడవాల్సిన దూరం చూస్తే ఇక్కడే తక్కువ, వెళ్ళిరావడానికి సుమారు 12, 13 మైళ్ళు. ఎక్కాల్సిన ఎత్తు కూడా సుమారు 4,300 అడుగులే. కానీ హాఫ్ డోమ్ శిఖరం 8,839 అడుగులు. పైన్ క్రీక్‌లో మీరు నడక మొదలుపెట్టే చోటే దాదాపు 7,600 అడుగుల ఎత్తులో ఉంటుంది. అంటే హాఫ్ డోమ్ మీద మీరు ఫోటో దిగిన ఎత్తుని ఇక్కడ ఎక్కుడులో మొదటి మూడో వంతులోనే దాటేస్తారు. దాని పైన ఇంకో మూడు వేల అడుగులు ఉంటుంది. మౌంట్ జెఫర్సన్ దక్షిణ శిఖరం దాదాపు 11,940 అడుగులు, నై కౌంటీ మొత్తంలో అదే ఎత్తయిన చోటు. రెండో తేడా జనం. హాఫ్ డోమ్ కేబుల్స్ మీదకి రోజుకి 300 మందికి పర్మిట్లు ఇస్తారు, మీకు కాలు మెలిక పడితే పది నిమిషాల్లో ఎవరో ఒకరు వస్తారు. ఇక్కడ వారాంతంలో కూడా రోజంతా నడిచి మరో మనిషిని చూడకుండా తిరిగొచ్చిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి.

నేను ఈ కొండ గురించి ఎవరికైనా మొదట చెప్పే మాట ఇదే. ఎక్కుడు కష్టం కాదు, దూరం కష్టం. ఇక్కడ దూరం అంటే ట్రెయిల్ మైళ్ళు కాదు, మనిషికీ సాయానికీ మధ్య ఉన్న దూరం. నై కౌంటీ వైశాల్యం 18,000 చదరపు మైళ్ళకు పైనే, అలాస్కాని పక్కనపెడితే దేశంలో దీన్ని మించిన కౌంటీలు రెండే. టోనోపాలో ఉన్న ఆసుపత్రి 2015లో మూతపడింది. కొండ మీద చీలమండ బెణికితే మామూలు చోట అది చిరాకు, ఇక్కడ అది ఒక రాత్రి బయట గడపాల్సిన పరిస్థితి. కాబట్టి ప్రతి నిర్ణయమూ ‘ఎవరూ రారు’ అనుకునే తీసుకోవాలి. అలా అనుకుని బయల్దేరితే చాలా హాయిగా ఉంటుంది, భయపడాల్సిన చోటేమీ కాదు.

ఇక రోడ్డు. లాస్ వేగస్ నుంచి యూఎస్ 95 మీద టోనోపా 210 మైళ్ళ పైచిలుకు. అక్కడి నుంచి యూఎస్ 6, ఆ తర్వాత స్టేట్ రూట్ 376, దాన్నుంచి చీలి బెల్మాంట్ అనే పాత ఊరు. టోనోపా నుంచి బెల్మాంట్ సుమారు 45 మైళ్ళు, తారు రోడ్డే. బెల్మాంట్ దాటాక మానిటర్ వ్యాలీలో ఉత్తరం వైపు మట్టిరోడ్డు, ఆపైన ఎడమకి కొండవైపు తిరిగితే పైన్ క్రీక్ క్యాంప్‌గ్రౌండ్. పొడిగా ఉన్నప్పుడు కాస్త ఎత్తున్న మామూలు ఎస్‌యూవీ చాలు. వాన పడితే మాత్రం లోయ అడుగున ఉన్న బంకమట్టి టైరుకి పట్టుకుంటుంది, బ్రేకు వేసినా బండి ఆగదు. అలాంటప్పుడు ఎండేదాకా ఆగడం తప్ప వేరే మార్గం లేదు. పెట్రోల్ టోనోపాలో ఫుల్ చేయించండి, బెల్మాంట్‌లో బంకు లేదు. స్పేర్ టైరు కింద వేలాడుతోందని ఊరుకోకుండా అందులో గాలి ఉందో లేదో చూడండి, జాకీ తిప్పే రాడ్ ఉందో లేదో చూడండి. రెంటల్ కారైతే అగ్రిమెంట్ చదవండి, చాలా కంపెనీలు మట్టిరోడ్ల మీదకి అనుమతించవు. అక్కడ ఏదైనా అయితే టోయింగ్ ఖర్చు మొత్తం మీ నెత్తినే పడుతుంది. చీకట్లో ఆ మట్టిరోడ్డు మీద పోవడం కూడా నాకు ఇష్టం ఉండదు, రోడ్డు మీద ఆవులు పడుకుని ఉంటాయి, నల్ల ఆవు హెడ్‌లైట్ వెలుగులోకి వచ్చేదాకా కనిపించదు. మీ మొదటి ప్లాన్‌లో అర్ధరాత్రి డ్రైవింగ్ వద్దనడానికి ఇదొక కారణం.

రెండో కారణం ఎత్తు. లాస్ వేగస్ 2,000 అడుగులు. శుక్రవారం సాయంత్రం అక్కడ ఉండి శనివారం మధ్యాహ్నానికి దాదాపు 12,000 అడుగుల మీద నిలబడాలంటే ఒళ్ళు ఊరుకోదు. ఆ ఎత్తులో గాలి ఒత్తిడి సముద్రమట్టంతో పోలిస్తే మూడింట రెండు వంతులకన్నా తక్కువ. టోనోపా 6,000 అడుగులు, క్యాంప్‌గ్రౌండ్ 7,500. ఈ రెండు చోట్లా ఒక్కో రాత్రి పడుకుంటే పూర్తిగా అలవాటు పడిపోరు గానీ తేడా బాగా తెలుస్తుంది. ఫిట్‌నెస్‌కీ దీనికీ సంబంధం లేదు, ఇది ఎన్నిసార్లు చెప్పినా నమ్మరు. నాతో వచ్చినవాళ్ళలో అందరికన్నా బలమైనవాడు, మారథాన్లు పరిగెత్తేవాడు, పైన పీఠభూమి అంచుకి రాగానే తలనొప్పి అన్నాడు, ఇంకో అరగంటకి వాంతి చేసుకున్నాడు. మిగతా ఇద్దరూ ‘శిఖరం కనిపిస్తోంది కదా, వాడిని ఇక్కడ కూర్చోబెట్టి వెళ్ళొద్దాం’ అన్నారు. నేను ఒప్పుకోలేదు, అందరినీ దింపేశాను. రెండు వేల అడుగులు దిగి వాగు దగ్గరికి వచ్చేసరికి వాడే బ్యాగులోంచి చపాతీ రోల్ తీసి తింటున్నాడు. దానికి మందు దిగడమే. ఒకరికి తలనొప్పితో పాటు వికారం మొదలైందా, గుంపు మొత్తం దిగాలి, ఒకరిని వదిలి ఇద్దరు వెళ్ళడం ఉండకూడదు. మాట తడబడినా, తిన్నగా నడవలేకపోయినా అది ఇంకా సీరియస్, ఒక్క నిమిషం కూడా ఆగకండి. ముందుగా వేసుకునే మాత్రలు ఉన్నాయి, కావాలంటే మీ డాక్టరుని అడగండి.

ఇప్పుడు ట్రెయిల్ గురించి. మొదట ఎడారి అడవిలోంచి నడుస్తారు. అడవి అనగానే మన నల్లమల ఊహించుకోకండి. పొట్టి చెట్లు, ఒకదానికొకటి దూరదూరంగా, మధ్యలో బూడిదరంగు సేజ్‌బ్రష్ పొదలు. యూటా జూనిపర్, సింగిల్ లీఫ్ పిన్యన్ పైన్. వాగు ఒడ్డున మాత్రం పచ్చగా ఉంటుంది, కొంచెం పైకి వెళ్తే ఆస్పెన్ తోపులు. ట్రెయిల్ మొదటి రెండు మూడు మైళ్ళలో వాగుని అటూ ఇటూ చాలాసార్లు దాటుతుంది. జూన్‌లో మంచు కరిగే రోజుల్లో ఇది మోకాలి దాకా తడిసే పని, ఆగస్టులో రాళ్ళ మీద అడుగేసి దాటేయొచ్చు. తెల్లవారుజామున హెడ్‌ల్యాంప్ వెలుగులో నడిచేటప్పుడు తప్పు జరిగేది ఈ దాటే చోట్లే. ఆవులు తొక్కిన బాట తిన్నగా ముందుకు పోతుంది, అసలు ట్రెయిల్ వాగు అవతలికి పోతుంది. బాట ఉన్నట్టుండి సన్నబడి పొదల్లోకి దూరిందంటే ఆగి, పది అడుగులు వెనక్కి వచ్చి, అవతలి ఒడ్డు చూడండి. పగటిపూట కింది భాగంలో రాళ్ళ మధ్య చెయ్యి పెట్టేముందు చూసుకోండి, గిలకపాములు ఉంటాయి. వాటి జోలికి పోకపోతే అవీ మన జోలికి రావు.

ఎంత ఎత్తులో ఉన్నారో తెలుసుకోవడానికి నాకు అల్టిమీటర్ కన్నా పైన్ ఆకులంటే ఇష్టం. కింద పిన్యన్ చెట్టు దగ్గర రాలిన కొమ్మ ఒకటి తీసుకుని చూడండి. సూదులు ఒక్కొక్కటిగానే ఉంటాయి, గుండ్రంగా, గట్టిగా, వేలికి గుచ్చుకుంటాయి. ప్రపంచంలో ఉన్న పైన్ జాతులన్నిటిలో ఇలా ఒంటి సూది ఉండేది ఇదొక్కటే, మిగతావన్నీ గుత్తులుగా ఉంటాయి. పైకి వెళ్ళే కొద్దీ పిన్యన్ పలచబడి ఆగిపోతుంది, జూనిపర్ ఆగిపోతుంది, కర్ల్ లీఫ్ మహోగని పొదలు వస్తాయి, ఆస్పెన్ వస్తుంది, ఆ తర్వాత లింబర్ పైన్. దీని సూదులు ఐదేసి ఒక గుత్తి, చివర కొమ్మని వంచితే విరక్కుండా తాడులా వంగుతుంది, మంచు బరువుకీ గాలికీ తట్టుకోవడానికి. ఐదు సూదుల చెట్లు కనిపించాయంటే సగానికి పైగా ఎక్కేసినట్టు. అవే చెట్లు మెల్లగా మీ నడుము ఎత్తుకి కుంగి, అన్నీ ఒకే వైపు వాలి కనిపించాయంటే ఇక చాటు అయిపోయింది, ముందు ఉన్నది బట్టబయలు. అక్కడ ఆగి జాకెట్ వేసుకోండి, ఏమైనా తినండి, టైము చూసుకోండి. చెట్లు దాటి గాలిలోకి వెళ్ళాక బ్యాగు విప్పడం చికాకు.

ఆ పైన ఉన్నది చాలామంది ఊహించుకునే సూది శిఖరం కాదు. విశాలమైన పీఠభూమి. ఉత్తరం, మధ్య, దక్షిణం అని మూడు శిఖరాలు ఆ బల్లపరుపు మీద లేచి ఉంటాయి. పొట్టి గడ్డి, రాళ్ళకి అతుక్కుని పెరిగే చిన్న చిన్న పూలమొక్కలు. రాళ్ళ గుట్టల్లోంచి ‘ఈక్’ అని గట్టిగా వినబడితే అది పైకా, పిడికెడంత ఉండే కుందేలు జాతి జంతువు. కదలకుండా కాసేపు కూర్చుంటే నోట్లో గడ్డి పట్టుకుని బయటికి వస్తుంది, చలికాలానికి దాచుకునే గడ్డి. అదృష్టం బాగుంటే అంచుల్లో బిగ్‌హార్న్ గొర్రెలు కనిపిస్తాయి. పడమర బిగ్ స్మోకీ వ్యాలీ, దాని అవతల టోయాబే శ్రేణి, అందులో ఆర్క్ డోమ్. తూర్పున మానిటర్ శ్రేణి. ఎటు చూసినా ఒక కొండవరస, ఒక లోయ, మళ్ళీ ఒక కొండవరస. నాకు నెవాడా మొత్తంలో ఇంతకన్నా ఇష్టమైన చోటు లేదు. అందుకే మీరు హడావిడిగా వెళ్ళి రావడం నాకు నచ్చలేదు.

పిడుగుల గురించి ఇది కాస్త శ్రద్ధగా చదవండి. ఆగస్టు అంటే మాన్సూన్ సీజన్. నడిమి నెవాడా దాని అంచులో ఉంటుంది కాబట్టి రోజూ రాదు, వచ్చిన రోజు మాత్రం మధ్యాహ్నం దాటాక కొండల మీదే మబ్బు లేస్తుంది. మామూలుగా అందరికీ తెలిసిన విషయమే, కానీ ఈ ట్రెయిల్‌లో ఒక చిక్కు ఉంది. మీరు ఎక్కేది కొండ తూర్పు వైపు నుంచి. లోయలో ఉన్నంతసేపూ పడమటి ఆకాశం మీకు కనబడదు, కొండ అడ్డం. నెత్తి మీద నీలంగా ఉంటుంది, పీఠభూమి అంచు ఎక్కి తల పైకెత్తితే అవతల నల్లటి మబ్బు అప్పటికే తయారై ఉంటుంది. ఓసారి అలాగే, పైకి రాగానే టోయాబే మీద మబ్బు పైభాగం దాగలిలా చదునుగా విచ్చుకుని ఉంది, ఉరుము ఇంకా వినబడలేదు. వెంటనే తిరిగాం. లింబర్ పైన్ల లోకి దిగేసరికి వడగళ్ళు మొదలయ్యాయి, చెంపకి తగిలితే సూదితో పొడిచినట్టు, ఐదు నిమిషాల్లో ట్రెయిల్ తెల్లబడిపోయింది. శిఖరం దగ్గర ఉండి ఉంటే చెట్ల లోకి రావడానికి గంట పైన పట్టేది. ఆ గంటా ఆ బయలు మీద అన్నిటికన్నా ఎత్తయిన వస్తువు మీరే.

అందుకే 11 గంటల నియమం. తొమ్మిదింటికి మొదలుపెడితే పైకి వచ్చేసరికి రెండు మూడు అవుతుంది, సరిగ్గా రాకూడని టైము అదే. నాలుగున్నరకి మొదలుపెడితే పదింటికల్లా దక్షిణ శిఖరం మీద ఉంటారు. ఎనిమిదింటికే చిన్న చిన్న దూదిపింజల్లాంటి మబ్బులు కొండల మీద మొదలైతే ఆ రోజు పదకొండు దాకా కూడా ఆగొద్దు. ఉరుము వినబడితే అప్పటికే ఆలస్యం అయినట్టు, వెంటనే దిగండి. ఒంటి చెట్టు కింద నిలబడకండి, శిఖరం మీద ఉన్న రాళ్ళ గోడల చాటున దూరకండి, ముగ్గురూ ఒకచోట గుమిగూడకుండా దూరదూరంగా నడవండి. మెటల్ పోల్స్ పారేయాలా అని తరచూ అడుగుతుంటారు, పిడుగు వాటి కోసం రాదు, పోల్స్ ఉంటే తొందరగా దిగుతారు, పట్టుకునే దిగండి.

దారి తెలుస్తుందా అంటే, కింద తెలుస్తుంది, పైన తెలియదు. పీఠభూమి మీద బాట గడ్డిలో కలిసిపోతుంది, రాళ్ళు పేర్చిన గుట్టలు అక్కడక్కడ ఉంటాయి, కొన్ని ఎవరో సరదాకి పెట్టినవి కూడా. ఎక్కేటప్పుడు దీనివల్ల నష్టం లేదు, ఎత్తుగా ఉన్నవైపు నడిస్తే చాలు. సమస్య దిగేటప్పుడు. అంత వెడల్పైన బయలు మీద నుంచి కిందికి పోయే వాగులు చాలా ఉన్నాయి, పైనుంచి చూస్తే అన్నీ ఒకేలా ఉంటాయి. కింద మట్టిరోడ్డు మీద ఒకసారి చీకటి పడ్డాక ఒకాయన చెయ్యెత్తి బండి ఆపాడు. పొద్దున్నే పైన్ క్రీక్ నుంచి ఎక్కి, దిగేటప్పుడు పక్క వాగులో దిగిపోయి, ట్రెయిల్ లేని పొదల్లో గంటలు గంటలు పడి, వేరే లోయ మూతి దగ్గర తేలాడు. చేతులంతా గీరుకుపోయి ఉన్నాయి, నీళ్ళు అయిపోయి ఎంతసేపయిందో అతనికే తెలీదు. మనిషి బాగానే ఉన్నాడు, రోడ్డు దొరకడం అదృష్టం.

పీఠభూమి మీదకి అడుగుపెట్టిన క్షణంలో వెనక్కి తిరగండి. మీరు ఎక్కి వచ్చిన చోటు దిగేటప్పుడు ఎలా కనిపిస్తుందో చూడండి, ఫోటో తీయండి, ఫోన్ మ్యాప్‌లో ఆ పాయింట్ గుర్తు పెట్టండి. గాయా గానీ కాల్‌టోపో గానీ ఏదో ఒక యాప్‌లో మ్యాప్ ముందే ఆఫ్‌లైన్‌లో దింపుకుని, ఇంట్లోనే ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి తెరుచుకుంటుందో లేదో చూసుకోండి. ముగ్గురి ఫోన్లలోనూ ఉండాలి. కాగితం మ్యాప్ ఒకటి, దిక్సూచి ఒకటి బ్యాగులో ఉండాలి, చలికి ఫోన్ బ్యాటరీ ఎప్పుడు పోతుందో చెప్పలేం.

నీళ్ళు. పైన్ క్రీక్ వాగు ఉన్నంతవరకు ఢోకా లేదు, పైన చుక్క దొరకదని అనుకోండి. మంచు మిగిలిన మచ్చలు ఉంటే ఉండొచ్చు, వాటి మీద ఆధారపడకండి. కాబట్టి కింద రెండు లీటర్లతో బయల్దేరి, వాగుని చివరిసారి దాటే చోట మనిషికి మూడు లీటర్లు నింపుకోండి. ఎండలో ఆలస్యమైతే అది కూడా చాలదు, నేను నాలుగు మోస్తాను. ఇక్కడ గాలి ఎంత పొడిగా ఉంటుందంటే చెమట పట్టినట్టే తెలియదు, ఎప్పటికప్పుడు ఆరిపోతుంది, ఒంట్లో నీళ్ళు మాత్రం పోతూనే ఉంటాయి. వాగు నీళ్ళు ఎంత తేటగా ఉన్నా ఫిల్టర్ చేయకుండా తాగొద్దు. ఇది వైల్డర్‌నెస్, అంటే చట్టం కాపాడే అడవి ప్రాంతం అయినా పాత హక్కుల కింద పశువుల మేపు ఉంటుంది, జియార్డియా అనే పేగుల పరాన్నజీవి పట్టుకుంటే నెల పాడవుతుంది. ఫిల్టర్ విషయంలో ఇంకో సంగతి, సన్న గొట్టాలతో చేసినవి ఒక్కసారి గడ్డకడితే లోపల పగిలిపోతాయి, బయటికి ఏమీ కనబడదు. రాత్రి చలి ఎక్కువగా ఉంటే స్లీపింగ్ బ్యాగులో పెట్టుకుని పడుకోండి.

బట్టల గురించి ఎక్కువ రాయను. కింద నుంచి పైకి ఎత్తు తేడా ఒక్కదానికే 15 ఫారెన్‌హీట్ డిగ్రీలు తగ్గుతుంది, గాలి కలిస్తే ఇంకా ఎక్కువ. వేగస్‌లో 110 ఉందని టీషర్టులతో వచ్చేవాళ్ళని చూశాను. కాటన్ వద్దు, పలచటి ఊలు లేదా సింథటిక్, పైన గాలి ఆపే జాకెట్, వాన జాకెట్, టోపీ, చేతికి గ్లవ్స్. సన్‌స్క్రీన్, కూలింగ్ గ్లాసెస్ తప్పనిసరి, ఎత్తు పెరిగేకొద్దీ ఎండలో అల్ట్రావయొలెట్ పెరుగుతుంది, చల్లగా ఉంది కదా అని మోసపోతాం. హెడ్‌ల్యాంప్ మనిషికొకటి. సాయంత్రం ఈ లోయ తొందరగా చీకటి పడుతుంది, తూర్పు వైపు కాబట్టి సూర్యుడు కొండ వెనక్కి ముందే పోతాడు.

ఫోన్ పనిచేయదనే అనుకోండి. పీఠభూమి మీద ఎక్కడో ఒక గీత సిగ్నల్ తగలొచ్చు, లోయలో ఉండదు. మీలో ఎవరి దగ్గరైనా ఐఫోన్ 14 గానీ ఆపై మోడల్ గానీ ఉంటే శాటిలైట్ ఎమర్జెన్సీ సదుపాయం ఉంటుంది, ఇంట్లోనే డెమో చేసి చూసుకోండి. అయినా నేను ఇన్‌రీచ్ లాంటి విడి శాటిలైట్ పరికరం ఒకటి అద్దెకైనా తీసుకోమంటాను, ఎందుకంటే ఫోన్ పగిలితే అన్నీ ఒకేసారి పోతాయి. లోయ ఇరుకుగా ఉన్నచోట శాటిలైట్ దొరకడానికి టైము పడుతుంది, కంగారుపడకుండా ఆకాశం ఎక్కువ కనిపించే చోటికి వచ్చి ఆగాలి. ఎస్‌ఓఎస్ నొక్కినా హెలికాప్టర్ వెంటనే వాలదు, ఉరుములుంటే అసలు రాదు. రాత్రంతా బయట ఉండగలిగేలా ఒక ఎమర్జెన్సీ బివీ, అంటే ఒంటిని కప్పే పలచటి సంచి, మోసుకెళ్ళండి, మడిస్తే అరచేతిలో పట్టేంతే ఉంటుంది.

మీరు అడగలేదు గానీ ఒకటి చెప్పాలి. ఈ కొండ మీద, సుమారు 11,000 అడుగుల ఎత్తులో, పాత ఊరు ఉంది. ఆల్టా టోక్విమా అంటారు. న్యూయార్క్‌లోని అమెరికన్ మ్యూజియం ఆఫ్ నేచురల్ హిస్టరీకి చెందిన డేవిడ్ హర్స్ట్ థామస్ 1978లో గుర్తించి, ఆ తర్వాత తవ్వకాలు చేశారు. ముప్పై దాకా రాతి ఇళ్ళ ఆనవాళ్ళు, తిరగలి రాళ్ళు, బాణపు మొనలు దొరికాయి. వేసవిలో కుటుంబాలతో సహా పైకి వచ్చి ఉండేవాళ్ళు, వేటతో పాటు మొక్కల గింజలూ దుంపలూ ఏరుకునేవాళ్ళు. ఈ నేల వెస్టర్న్ షోషోనీలది. మీరు నడిచే దారిలో అబ్సిడియన్ (అగ్నిపర్వతపు గాజురాయి) ముక్క ఒకటి నల్లగాజులా మెరుస్తూ కనిపించవచ్చు. వంగి చూడండి, ఫోటో తీసుకోండి, జేబులో మాత్రం వేసుకోవద్దు. 1979 నాటి పురావస్తు రక్షణ చట్టం కింద అలాంటివి తీసుకెళ్ళడం నేరం, చట్టం సంగతి అలా ఉంచినా ఆ ముక్క ఎక్కడ పడి ఉందన్నదే దాని కథ, అక్కడి నుంచి కదిపితే కథ పోతుంది. రాళ్ళ వలయాల్లో టెంట్ వేయడం, ఆ రాళ్ళతో గుట్టలు పేర్చడం కూడా వద్దు. దయచేసి ఇది మీ స్నేహితులకు కూడా ముందే చెప్పండి.

ఆగస్టే కావాలా, మార్చుకునే వీలుందా? ఉంటే సెప్టెంబరు రెండో సగం నా ఓటు. మాన్సూన్ తగ్గుతుంది, ఆస్పెన్లు పసుపు తిరుగుతాయి, గాలి శుభ్రంగా ఉంటుంది, రాత్రులు మాత్రం గడ్డకడతాయి. జూన్ చివర కూడా మంచిదే, వాగు కొంచెం ఎక్కువ, పైన మంచు మచ్చలు. అక్టోబరులో మంచు ఎప్పుడైనా పడొచ్చు, పైగా జింకల వేట సీజన్, ఆరెంజ్ వెస్ట్ లేకుండా తిరగకండి. ఎప్పుడు వెళ్ళినా నేషనల్ వెదర్ సర్వీస్ సైట్‌లో టోనోపా ఊరి ఫోర్‌కాస్ట్ చూసి ఊరుకోవద్దు, మ్యాప్ మీద సరిగ్గా శిఖరం ఉన్న చోట క్లిక్ చేస్తే ఆ ఎత్తుకి లెక్కకట్టిన ఫోర్‌కాస్ట్ వస్తుంది. టోనోపాలో ఫారెస్ట్ సర్వీస్ రేంజర్ ఆఫీసు ఉంది, ముందురోజే ఫోన్ చేసి రోడ్డు ఎలా ఉంది, నిప్పు మీద ఆంక్షలు ఉన్నాయా అని అడగండి. పర్మిట్ లాటరీలూ అవీ ఈ కొండకి లేవు.

ఇక అమ్మానాన్నల సంగతి. క్యాంప్‌గ్రౌండ్‌లో వదిలి వెళ్ళొద్దండి. చోటు బాగుంటుంది, వాగు చప్పుడు, నీడ, అన్నీ నిజమే. కానీ అది 7,500 అడుగులు, నాన్నగారికి బీపీ ఉందని మీరే రాశారు, పన్నెండు గంటల పాటు వాళ్ళ దగ్గర ఫోన్ ఉండదు, నడపడం తెలిసిన మనిషి ఉండడు. మీరు పైన ఉండి వాళ్ళ గురించి టెన్షన్, వాళ్ళు కింద ఉండి మీ గురించి టెన్షన్. దాని బదులు శనివారం పొద్దున వాళ్ళని బెల్మాంట్ తీసుకెళ్ళండి. వెండి గనులతో వెలిగి, తర్వాత ఖాళీ అయిపోయిన ఊరు. 1876లో ఇటుకలతో కట్టిన కోర్టు భవనం ఇప్పటికీ నిలబడి ఉంది, 1905లో కౌంటీ కేంద్రం టోనోపాకి మారేదాకా అక్కడే కోర్టు నడిచింది. అక్కడి దాకా తారు రోడ్డే కాబట్టి వాళ్ళు హాయిగా చూస్తారు. మధ్యాహ్నానికి మళ్ళీ టోనోపా మోటెల్లో దింపి మీరు క్యాంప్‌కి రండి, అటూ ఇటూ డ్రైవింగ్ ఎక్కువే అవుతుంది గానీ తప్పదు.

నాన్నగారికి ఒక పని అప్పగించండి, నిజంగా అవసరమైన పని. ఒక కాగితం మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసివ్వండి: ముగ్గురి పేర్లు, కారు నంబరు, రంగు, పైన్ క్రీక్ ట్రెయిల్ హెడ్ నుంచి మౌంట్ జెఫర్సన్ దక్షిణ శిఖరానికి, ఆదివారం ఎన్నింటికి మొదలు, ఎవరు ఏ రంగు జాకెట్ వేసుకున్నారు, శాటిలైట్ పరికరం ఉందో లేదో. వెతికే బాధ్యత నై కౌంటీ షెరిఫ్ ఆఫీసుది, ఆ నంబరు కూడా రాయండి, మోటెల్ రిసెప్షన్‌లో ఉన్నవాళ్ళకి ఆయన్ని పరిచయం చేయండి. మీరు మామూలుగా మూడు నాలుగు గంటలకల్లా కారు దగ్గర ఉంటారు, సిగ్నల్ వచ్చేసరికి ఆరు అవుతుంది. రాత్రి తొమ్మిదింటి దాకా మీ నుంచి కబురు లేకపోతే, ఇంకాసేపు చూద్దాం అనుకోకుండా ఆ నంబరుకి ఫోన్ చేయమని చెప్పండి.